కొల్లేటి పద్యం ఎవరిది?

ఏలూరులో మా అద్దె వాటాకూ పక్క వాటాకూ మధ్య గోడ పలచన. ఈ ఉదయం గడ్డం గీసుకుంటుంటే అవతల ఎవరి ఫోనులోనో ఒక ముసలి గొంతు పద్యం చదవడం వినిపించింది. ఆ గొంతు సుబ్బరామయ్య మాస్టారిది కాదు. ఆయన పోయి ఏడాది దాటింది. అయినా ముఖం మీద నురగ ఆరిపోయేదాకా గోడకు చెవి ఒగ్గి నిలబడ్డాను.

మాస్టారు పెంటపాడులో తెలుగు చెప్పి, రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో ఉండేవారు. పదిహేనుమందిమి ఉన్న పద్యాల గ్రూపును ఫోనులో నడిపేవారు. రోజుకొకరి వంతు. నచ్చిన పాదం ఒక్కటి పంపి, ఎవరు రాశారో, మొదట ఎవరి నోట విన్నామో కింద రాయాలి. రెండోది రాయని వాళ్లను, పద్యాన్ని కాకి ఎత్తుకొచ్చి పడేసిందాండీ అని అడిగేవారు. కాలేజీ ఆఫీసులో గుమాస్తానైన నన్ను ఒక సహోద్యోగి అందులో చేర్చాడు. ఒకరి నియమానికి తల ఒగ్గడం మా ఇంటి అలవాటు కాదు. కలిదిండి వైపు మా పొలాలన్నీ ఎవరెవరివో చేపల చెరువులైపోయాక, మాకు మిగిలింది మా తాతగారి పేరున అచ్చయిన కొల్లేటి పద్యాల పుస్తకం ఒక్కటే.

నా మొదటి వంతున అందులోంచే పంపాను. «కొంగ లేచినంత కొల్లేరు చలియించె.» రచన అన్నచోట తాతగారి పేరు పూర్తి బిరుదుతో సహా రాశాను. ఎవరి నోట విన్నానన్నది వదిలేశాను. మా తాతగారి పద్యానికి సాక్ష్యం దేనికనుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు మాత్రం చూసి ఊరుకున్నారు. మూడు రోజులు ఫోను చేతిలోంచి దించలేకపోయాను. ఆదివారం పాసింజరెక్కి గూడెం వెళ్లాను.

ఆయన వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. పద్యం ఎలా ఉందని నేనే అడిగాను.

"చాలా బాగుందండీ. తాతగారు మీకెప్పుడైనా చదివి వినిపించారా?"

తాతగారు పడక్కుర్చీలో కూర్చుని ఇతరుల చేత చదివించుకునేవారు. ఆయన నోట ఒక్క పద్యమూ నేను వినలేదు.

అప్పుడు మాస్టారు నెమ్మదిగా చెప్పారు. వాళ్ల నాన్నగారు వేంకటావధానులు మా లోగిట్లో పురాణం చెప్పేవారట. పద్యాలు రాసిచ్చేవారట. పెద్దల పేరున అచ్చు వేయించడం ఆ రోజుల్లో మామూలేనట. ఆ కొంగ పద్యం చిన్నప్పుడు తండ్రి భుజమ్మీద కూర్చుని విన్నారట.

"అయితే మా తాతగారు దొంగంటారా?" అన్నాను. కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాను కూడా.

"ఆ మాట నేననలేదండీ. మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆయన చలవే. నాన్నగారు ఇష్టపడే ఇచ్చారు. కూర్చోండి, కాఫీ చల్లారిపోతుంది."

మిగిలిన పద్యాలు ఎవరివని అడిగాను. ఇంకో ఇద్దరు ముగ్గురు కవులు వచ్చిపోతుండేవారని మాత్రం తెలుసన్నారు. గ్రూపులో దిద్దమంటారా అని అడిగితే తల అడ్డంగా ఊపారు. "దిద్దాలనుకుంటే నేనే దిద్దేవాణ్ణి కదండీ. మా నాన్న ఇచ్చిందాన్ని నేను వెనక్కి అడక్కూడదు."

ఆయన అడిగి ఉంటే కాదనేవాణ్ణి, నాకది తేలిక. అడగకపోవడంతో చిక్కొచ్చిపడింది. ఇరవై రోజులపాటు రాయడం, చెరిపేయడం. ఆఫీసులో ఫైలు ముందు కూర్చుని, బస్సులో కడ్డీ పట్టుకుని, అదే పని. ఆ పుస్తకమూ పోతే నేనెవరి మనవణ్ణి? చివరికి ఒక మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద నిలబడి పంపేశాను: 'కొంగ పద్యం మా తాతగారిది కాదు. రచన వేంకటావధానులు గారు. విన్నది వారి అబ్బాయి నోట.'

సాయంత్రానికి మాస్టారి గొంతు వచ్చింది. వ్యాఖ్య లేదు, మెచ్చుకోలు లేదు. నాలుగు పాదాలూ చదివారు. మూడో పాదంలో ఒక మాట తప్పితే ఆగి, మళ్లీ మొదటినుంచి అందుకున్నారు.

ఆ పుస్తకంలో ఇంకా తొంభై తొమ్మిది పద్యాలున్నాయి. అవి ఎవరివో చెప్పగలవాళ్లెవరూ ఇప్పుడు లేరు. మేమింకా నడుపుతున్న గ్రూపులో నా వంతు వచ్చినప్పుడల్లా వాటిలోంచే ఒక పాదం పంపుతాను. 'మా తాతగారి పేరున అచ్చయింది. రాసినవారెవరో తెలియదు' అని కింద రాస్తాను. ఆ రెండో వాక్యం దగ్గర నా వేలు ఇప్పటికీ ఆగుతుంది. కాసేపాగి, రాస్తుంది.