వేదికకి వీపు

బడి హాల్లో ఏ పోటీ మొదలయ్యే ముందైనా డ్రిల్లు మాస్టారు చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకుంటాడు. పందొమ్మిదేళ్లుగా అంతే. అది చూసి వెనక బెంచీల వాళ్లు "విప్పాడ్రోయ్!" అని ఒకరి డొక్కలో ఒకరు పొడుచుకుంటారు. గడియారం విప్పాడంటే ఆ పూట ఎవడి చెంపో వాస్తుంది.

తర్వాత వేదికకి వీపు పెట్టి, పిల్లలకేసి నిలబడతాడు. ఇన్నేళ్లలో ఒక్క పోటీ కూడా కళ్లారా చూడలేదు. బుగ్గలు లోపలికి పీల్చినవాడు ఈల వెయ్యబోతున్నాడు. మోకాళ్ల మధ్య చేతులు దాచినవాడు కాగితం రాకెట్ మడుస్తున్నాడు. అది ఎగిరేలోపే మాస్టారి చెయ్యి పడుతుంది.

అంతకుముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయనా నవ్వేవాడు. అల్లరే కదా, పోనీలే అనుకునేవాడు. ఒక ఏడు ఆ నవ్వుల మధ్యనుంచి టార్చిలైటు బ్యాటరీ ఒకటి ఎగిరొచ్చి, పాడుతున్న పిల్ల నుదురు చీల్చింది. రక్తం నోట్లోకి వచ్చేదాకా ఆ పిల్ల పాట ఆపలేదు. ఆ నెత్తురు తుడిచిన చెయ్యి మళ్లీ ఊరుకోలేదు.

"మొక్కగా ఉన్నప్పుడే వంచాలి," అనేవాడు ఇంట్లో.

"మీరు వంచట్లేదండీ, విరుస్తున్నారు," అనేది భార్య.

ఈ ఏడు పద్యాల పోటీ. ఒక చిన్నోడు పద్యం ఎత్తుకుని మధ్యలో ఆగిపోయాడు. వెనక బెంచీలు ఊరుకుంటాయా?

"మింగేశాడ్రా! ఎవరైనా నీళ్లివ్వండ్రా!"

ఇంతలో మూడో వరసలో ఒక పొడుగాటి కుర్రాడు కాలితో నేల తొక్కడం మొదలుపెట్టాడు. ధన్, ధన్, ధన్. ముఖంలో నవ్వు లేదు. మాస్టారికి అది మరీ పొగరనిపించింది.

కాలరు పట్టి నడవలోకి ఈడ్చాడు. మొదటి దెబ్బకి కుర్రాడు "సార్, వాడు..." అన్నాడు. రెండో దెబ్బకి మొహం బెంచీ అంచుకి తగిలి పెదవి చిట్లింది. మూడోది చెవి మీద పడింది.

"వాడు మా తమ్ముడు సార్! నేను తాళం తొక్కితేనే వాడికి పద్యం వస్తుంది!"

చెవిలోంచి సన్నగా నెత్తురు కారింది. మాస్టారు వెనక్కి తిరిగాడు. అప్పటికే చిన్నోడు వేదిక మీంచి దూకాడు. వచ్చి, కొట్టిన చేతిని పళ్లతో పట్టుకున్నాడు, ఎముక తగిలేదాకా.

"పట్టరా! వదలకు!" హాలంతా ఈలలు.

మాస్టారు చెయ్యి లాక్కోలేదు. ముందే ఒక్కసారి వేదికకేసి చూసి ఉంటే, ఆ పిల్లాడి కళ్లు అన్న కాలి మీదే ఉన్నాయని తెలిసేది.

సాయంత్రం హెడ్‌మాస్టరు గది తలుపు మూశాడు.

"చెవి పొర చిరిగిందట. మళ్లీ వినపడుతుందో లేదో వారం దాకా చెప్పలేమన్నారు. మెట్ల మీంచి పడ్డాడని ఆసుపత్రిలో వాళ్ల నాన్నతో చెప్పించాను. మీరు నోరు విప్పారా, ఉద్యోగం పోతుంది."

"వాళ్ల నాన్న ఒప్పుకున్నాడా?"

"చిన్నోడు కూడా ఇక్కడే చదవాలి కదా మాస్టారూ."

మర్నాడు పొద్దున్నే మాస్టారు కుడిచేతికి కట్టుతో ఆసుపత్రికి వెళ్లాడు. ఆయన్ని చూసి తండ్రి కుర్చీలోంచి లేచి, గోడకి ఒదిగాడు.

"మెట్లు కాదు డాక్టరుగారూ," అన్నాడు మాస్టారు. "నేనే కొట్టాను. మూడు దెబ్బలు. మూడోది చెవి మీద. రాసుకోండి."

"తెలిసే చెబుతున్నారా? ఇది పోలీసుల దాకా వెళ్తుంది."

"వెళ్లనివ్వండి."

మంచం మీది కుర్రాడు బాగున్న చెవి ఇటు తిప్పాడు. డాక్టరు రాసింది మాస్టారు పైకి చదివించుకుని విన్నాడు. ఎడమ చేత్తో, వంకరగా, సంతకం పెట్టాడు.