నేను కత్తిరించిన పడుగు

దయ్యాలంటే నాకు ముందునుంచీ నవ్వే. మా వీధిలో ఎవరికో పూనకం వచ్చిందంటే తొంగిచూడటానికి కూడా పోయేదాన్ని కాదు. పనీపాటా లేనివాళ్లకే అవి కనిపిస్తాయి, మాకు వాటితో మాట్లాడే తీరిక ఎక్కడిది అనేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను. మీరేమనుకున్నా నాకు పట్టింపు లేదు. ఈ మధ్య చాలా వాటి మీద నాకు పట్టింపు పోయింది.

మాది ధర్మవరం. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకటి మా ఆయనది, ఒకటి నాది. ఇద్దరం పట్టుచీరలు నేస్తాం. మాకు పిల్లలు లేరు. కొన్నేళ్ల కింద నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి ఎడమవైపు తీసేశారు. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. గెలిచావు అన్నారందరూ. నేనూ నమ్మాను.

ఈ ఏడాది నడుం నొప్పి మొదలైంది. మగ్గం మీద కూర్చునేవాళ్లకు నడుం నొప్పి కొత్తేమీ కాదు కదా, బామ్ రాసుకుని నెట్టుకొచ్చాను. చివరికి బెంగళూరులో స్కాన్ తీస్తే వెన్నెముకలోనూ, తుంటి ఎముకలోనూ ఉందన్నారు. పాత జబ్బే ఎముకల్లోకి పాకింది.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "ఇది పూర్తిగా పోయేది కాదమ్మా. మాత్రలతో, నెలనెలా ఇంజెక్షన్‌తో అదుపులో పెట్టుకోవాలి. చాలామంది ఏళ్లు బతుకుతున్నారు," అంది. మందులు ఎన్నాళ్లు వాడాలని అడిగితే, పనిచేసినన్నాళ్లూ అంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా ఆయన ఒకటే ఏడుపు. జబ్బు నాకు, ఏడుపు ఆయనకు. ఎదురు సీటామె ఆయనకు నీళ్లిచ్చి, నావైపు తిరిగి కాస్త ధైర్యం చెప్పమ్మా అంది. పెనుకొండ దాటేదాకా కిటికీలోంచి ఆ కొండను చూస్తూ పళ్లు కొరుక్కున్నాను.

ఇల్లు చేరాక పరామర్శలు. ఒకామె ఏదో ఆకు రసం తాగమంది. ఒకామె పోయిన జన్మలో చేసుకున్నది అంది. ఇంకొకామె నా చేయి పట్టుకుని, "నవ్వుతా ఉండల్ల సావిత్రీ, నవ్వితే రోగం దానంతటదే పోతాది," అంది. ఆమె చెంప మీద ఒకటిద్దామనిపించింది. నేను ధైర్యంగా ఉండాలని అందరికీ ఉంది. నన్ను నా మానాన కోప్పడనిచ్చేవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ మధ్యాహ్నం అందరూ పోయాక కత్తెర తీసుకుని నా మగ్గం మీదున్న పడుగును కత్తిరించేశాను.

తెలియనివాళ్లకు చెబుతాను. పడుగంటే మగ్గం మీద పొడుగునా లాగి కట్టిన పోగులు. వెంట్రుకంత సన్నటి పట్టుపోగులు, వేలల్లో ఉంటాయి. ఒక పడుగు అయిపోవచ్చినా మేం దాన్ని పూర్తిగా తీసెయ్యం. దాని కొనలు అలాగే ఉంచి, కొత్త పడుగును పోగుపోగుకూ మెలిపెట్టి అతికిస్తాం. మగ్గాన్ని బోసిగా ఉంచడం మాలో లేదు. అన్నీ తెలిసే కత్తిరించాను. సగం నేసిన చీర ఒకవైపు, పోగులు ఒకవైపు జారిపోయాయి.

మా ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏం పని సేసినావే ఇది?" అన్నాడు.

"నేను ఇంక నెయ్యను. బెంగుళూరికీ రాను. సూది వద్దు, మాత్రా వద్దు," అన్నాను.

"సోమవారం రమ్మనింది కదా డాక్టరమ్మ."

"నువ్వు పో. ఏడ్సుకుంటా పో."

మరునాడు పొద్దున్నే నన్ను బతిమాలి హిందూపురం తీసుకుపోయాడు. అక్కడ వాళ్లక్క ఉంటుంది. ఆమె చెబితే వింటానని ఆశ. బయల్దేరేటప్పుడు పోగులు తెగి వేలాడుతూనే ఉన్నాయి, ఇంటికి తాళం వేసింది నేనే. తాళంచెవి నా కొంగుకే ఉంది, రెండోది ఎప్పుడో పోయింది. వెనక తలుపుకు లోపల గడియ పెట్టాను.

వదిన కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది. "సూది ఏపిచ్చుకో సావిత్రీ. మాయమ్మ ఉండుంటే నిన్ను ఇట్ల ఊరికే కూచోనిచ్చునా," అంది.

వాళ్లమ్మ, అంటే మా అత్త, పోయి ఏడాది దాటింది. పడుగులు అతకడంలో మా ఊళ్లో ఆమెకు పేరు. నా మీద పెత్తనంలోనూ అంతే. ఆపరేషన్ కుట్లు సరిగా మానకముందే మగ్గం ఎక్కమన్న మనిషి. ఆమె పోయిన రోజు నాకు కళ్లు తడవలేదు.

"పోయినాది కాబట్టే కూచుంటాండా ఒదినా," అని లేచి వచ్చేశాను.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. తాళం నేనే తీశాను. నా మగ్గం మీద పడుగు బిగుతుగా లాగి ఉంది.

దగ్గరికి పోయి చూస్తే కత్తిరించినచోట పోగుపోగుకూ అతుకు. కింద నేల మీద బూడిద రాలి ఉంది. అతికేవాళ్లు వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. మా ఇంట్లో కట్టెల పొయ్యి తీసేసి ఏళ్లయింది.

ఎంత చేయి తిరిగిన మనిషికైనా అది ఒక్క పగటిలో అయ్యే పని కాదు. వెనక గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎదురింటివాళ్లు పగలంతా అరుగు మీదే కూర్చుని కండెలకు పట్టుపోగు చుట్టారట. మీ గడప ఎవరూ తొక్కలేదన్నారు. మా ఆయన పనేమో అనుకుందామంటే పొద్దుటి నుంచి నా పక్కనే ఉన్నాడు.

ఆయన ఒక అతుకును రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా తిప్పి చూశాడు. మా అత్తది ఎడమచేతి వాటం. అతుకుకు ఆమె పెట్టే పురి, అంటే మెలిక, అందరూ పెట్టేదానికి ఎదురుగా తిరిగి ఉంటుంది. "ఇది మాయమ్మ పురి," అన్నాడు. నేనూ తిప్పి చూశాను. ఆమెదే.

నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. ఆ గదిలో గట్టిగానే అన్నాను, "సచ్చి కూడా నన్ను పనికి తోల్తాండావా," అని. మా ఆయన చేయి పట్టుకోబోతే విదిలించుకుని కత్తెర అందుకున్నాను. మళ్లీ కత్తిరించేదాన్నే.

అప్పుడు కనబడింది. అంచు పక్కన ఒక్క పోగు అతకకుండా ఉంది. దాని రెండు కొనలూ పక్కపక్కనే వేలాడుతున్నాయి.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పడుగు ఎవరు అతికినా చివరి పోగు వదిలేస్తారు. ఆ మగ్గం మీద నేసే మనిషి వచ్చి దాన్ని తన చేత్తో అతుక్కోవాలి. నేస్తానని ఒప్పుకున్నట్టన్నమాట. అంతవరకూ మగ్గం కదపరు. మా అత్త ఎవరింటికి పోయినా ఆ పోగు వదిలి వచ్చేది. నాకు మాత్రం ఏనాడూ వదల్లేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ చివరి పోగు కూడా తనే అతికేసి, కూచో అనేది. నా ఒప్పుదలతో ఆమెకు పని లేదు. ఆ ఒక్క పోగు కోసం నేనెంత కుమిలిపోయానో మా ఆయనకు కూడా తెలియదు.

కత్తెర కింద పెట్టేశాను. బెంగళూరులో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చచ్చిపోతానని భయంగా ఉందని మొదటిసారి పైకి చెప్పాను. మా ఆయన ఓదార్చబోలేదు. మంచి పని చేశాడు, ఏమన్నా అని ఉంటే తిట్టేదాన్ని.

ఇప్పుడు నెలనెలా సూది వేయించుకుంటున్నాను. నొప్పి కొంత తగ్గింది. జబ్బు ఉంది, కోపమూ ఉంది. అత్తను మన్నించానని ఎవరితోనూ చెప్పలేదు, మన్నించలేదు కూడా. అసలు నువ్వు కత్తిరించనేలేదు, దిగులుతో అట్లా అనుకున్నావు అని వదిన అంటుంది. అతుకులు చీరలోకి వచ్చినచోట పోగులు లావుగా చేతికి తగిలాయి, వాటినేం చెయ్యమంటారు? ఎవరు అతికారో, ఎలా లోపలికి వచ్చారో నాకు నేటికీ తెలియదు.

ఆ పోగును నేను వెంటనే అతకలేదు. నన్ను తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు. సోమవారం పొద్దున స్నానం చేసి వచ్చి, మగ్గం దగ్గర కూర్చుని, ఆ రెండు కొనలూ పట్టుకుని పురి పెట్టాను. బెంగళూరు రైలుకు టైమవుతోందని మా ఆయన వీధిలోంచి పిలిచాడు.

"వస్తాండాలే," అన్నాను.