వరండాలో వరి వేళ్ల పాఠం

రాజమండ్రి దగ్గర ఓ యూనివర్సిటీలో నేను కాంట్రాక్టు లెక్చరర్‌ని. వృక్షశాస్త్రం చెబుతాను. కిందటేడు మాకు ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ పెట్టారు. పొద్దున్న వేసింది చాలదని, సరిగ్గా పదకొండింటికి, అంటే నా క్లాసు మధ్యలో, మరోసారి వేయమన్నారు. మా బ్లాకులో సిగ్నల్ ఉండదు. రిజిస్ట్రార్ గారి ఆఫీసు వరండాలోనే ఉంటుంది. వెళ్లకపోతే గైర్హాజరని ఒక మెమో, వెళితే క్లాసు వదిలేశానని ఇంకో మెమో ఇచ్చారు. అర్జీ పెట్టుకుంటే జవాబే లేదు.

ఓ సోమవారం నాకు ఒళ్లు మండింది. "పుస్తకాలు తీసుకుని నాతో రండి" అని క్లాసు మొత్తాన్నీ ఆ వరండాకి నడిపించాను. పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి వరి వేళ్ల పాఠం అందుకున్నాను. పదకొండు కాగానే ఫోను ఎత్తాను. కళ్లార్పమంది యాప్. టపటపా ఆర్పుతూ చూద్దును కదా, ఫోను వెనకాలే రిజిస్ట్రార్ గారు! పిల్లలు గొల్లున నవ్వారు. సిగ్గుతో నా ముఖం కందిపోయింది.

"ఏంటి మేడమ్ గారూ ఇది? ధర్నానా?" అన్నారాయన.

నా కాంట్రాక్టు రెన్యువల్ ఆ నెలలోనే. అయినా ఫోను దించి చెప్పేశాను.

"కాదండి, క్లాసండి. హాజరు ఇక్కడే పడుతోంది కదండీ, అందుకని పాఠాన్ని కూడా ఇక్కడికే తెచ్చుకున్నాను. ఇవాళ దేనికి మెమో ఇస్తారో మీరే చెప్పండి."

ఆయన లోపలికి వెళ్లిపోయారు. ఆ వారంలోనే పదకొండింటి హాజరు ఎత్తేశారు. నా రెన్యువల్ కూడా వచ్చింది.

ఆ రెండు మెమోలూ ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మూడోది ఏమని రాయాలో వాళ్లకి తోచలేదు.