ఆటవాళ్ళ ఆత్మబంధువు

ఆమె ఉద్యోగం ఆప్యాయత. నవ్వకండి, జీతమిచ్చేది దానికే. ఫోన్‌లో కోటలు కట్టే ఆట ఒకటుంది, ఊరికే ఆడుకోవచ్చు. అందులో డబ్బు బాగా పోసేవాళ్ళ పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని, పలకరించి, నాలుగు చల్లని మాటలు చెప్పడం ఆమె పని.

ఇంతకుముందు నెలనెలా చందా కట్టించుకునే ఆటల కంపెనీలో చేసింది. అక్కడా జనాన్ని రప్పించడానికి ఆఫర్లు ఇచ్చేవారు. కానీ చందాదారు ఎంతసేపు ఆడినా వాళ్ళకొచ్చేది అంతే కనుక, మనిషి తృప్తిగా ఉంటే చాలనుకునేవారు. ఇక్కడ తృప్తి పనికిరాదు. ఊరికే ఆడేవాళ్ళు ఓడిపోవడానికి కావాలి, వాళ్ళమీద గెలవడానికి కొందరు కొనాలి. ఆ కొందరి మీదే కంపెనీ అంతా బతుకుతుంది. ఉచితమన్న మాట కనిపెట్టినవాడి నోట్లో చక్కెర పొయ్యాలి!

ఆమె వంతుకొచ్చిన వాళ్ళలో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. భార్య పోయాక ఒంటిగదిలో ఉంటున్నాడు. ఆమె ఫోన్ చేస్తే కోట సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి మోకాళ్ళ నొప్పులు ఎత్తుకునేవాడు. ఒకరోజు మాటల్లో, కంటి ఆపరేషన్‌కి దాచుకున్న దాంట్లోంచే కోటగోడలు కొంటున్నానని నవ్వుతూ అనేశాడు. ఆమె ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆఫీసు ఫోన్‌లో ప్రతి మాటా రికార్డవుతుంది. అందుకని మెట్ల దగ్గరికి వెళ్ళి సొంత ఫోన్‌లో చేసింది.

"బాబాయ్, ఇక ఆ ఆట మానెయ్యండి. ముందు కన్ను చూపించుకోండి."

"సరేనమ్మా," అన్నాడు చిన్నబోయిన గొంతుతో.

నిజంగానే మానేశాడు. వారమంతా ఆయన కోట వైపు రాలేదు. చాలాకాలానికి ఆమె కంటినిండా నిద్రపోయింది.

తర్వాత ఒక ఉదయం ఆయనే ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, కోపం పోయిందా? నన్ను వదిలించుకుంటున్నావనుకుని ఎంత కుమిలిపోయానో! నీ కానుక చూశాక ప్రాణం లేచొచ్చింది. 'మీరు లేక ఏమీ తోచడం లేదు, త్వరగా రండి' అని రాశావే, రాకుండా ఎలా ఉంటాను? వెంటనే ఉత్తరం వైపు బురుజు కొనేశాను."

ఆమె ఏమీ రాయలేదు. కొనేవాళ్ళు వారం రోజులు కనబడకపోతే కంప్యూటరే వాళ్ళ ఫోన్‌కి ఓ కానుకా, ఓ చీటీ పంపి, కింద పలకరించే మనిషి పేరు పెడుతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆయన్ని మాన్పించిన సంబరంలో అది ఆపించాలని తట్టలేదు, అంతే.

"మరి ఆపరేషన్, బాబాయ్?"

"ఇంకెక్కడి ఆపరేషనమ్మా, దాచుకున్నదంతా ఆ బురుజుతో అయిపోయింది. పోనీలే, రెండో కన్ను బాగానే ఉందిగా. కానుక నువ్వే పంపావుగా?"

కాదంటే ఆయనకి ఆ మాటైనా మిగలదు.

"అవును బాబాయ్, నేనే పంపాను," అంది.