మాల్టా నుంచి వచ్చిన కుక్క

నెత్తి మీద చెయ్యి పెట్టుకొని చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా కోతలకు వరంగల్‌లో ఎంత పేరున్నా, ఈ ఒక్కసారికి నమ్మండి.

మా అక్క ఇంటి పై వాటాలో కిరాయికున్నవాళ్ళు ఖాళీ చేస్తూ ఒక కుక్కను వదిలేసి పోయారు. మాల్టీస్ జాతిదట. తెల్లటి బొచ్చు నేల ఊడుస్తూ ఉంటుంది. కళ్ళ కింద గోధుమరంగు చారలు, ఎప్పుడూ తడే. దగ్గరికొస్తే ఆరని మసిగుడ్డ వాసన. తన వెనకభాగం శ్రద్ధగా నాక్కొని, అదే నాలుకతో మా అక్క చెంప నాకేది. బావ పొద్దంతా బట్టల దుకాణంలో ఉంటాడు. అక్క మాట్లాడేది ఆ కుక్కతోనే. అది నాకితే ఆమె నవ్వేది, నేను ముఖం తిప్పుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం అక్క అత్తగారు నాకు పరమాన్నం పెట్టింది. రెండు చెంచాలు మింగాక పళ్ళ మధ్య ఏదో చిక్కింది. లాగితే వస్తూనే ఉంది, జానెడు తెల్ల వెంట్రుక. వంటింట్లోకి తొంగిచూస్తే, కుక్క పరమాన్నం గిన్నెలో మూతి పెట్టి నాకుతోంది. మధ్యలో అందులోనే తుమ్మింది. నేను పెరట్లోకి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి ముసలావిడ తీర్పు చెప్పేసింది. “రేపు పొద్దుగాల్నే దీన్ని ఎక్కడన్న ఇడిసిపెట్టి రాండ్రి.”

అక్క కుక్కను కొంగు కింద పెట్టుకొని నిలబడింది. నేను లోపల సంతోషించాను.

కానీ ఆ ఇంటి గడప తొక్కినవాళ్ళను ముందు ఏ ఊరని అడగడం, తర్వాతే పంపడం ముసలావిడకు అలవాటు. నావైపు తిరిగింది. “ఇంతకు దీనిది ఏ ఊరు కొడుకా? అన్ని తెల్సినట్టు మాట్లాడుతవు గద, చెప్పు.”

“మాల్టా అత్తమ్మా. సముద్రంల చిన్న దీవి. మా ఊరు కేసముద్రమని నన్ను కేసముద్రపోడు అన్నట్టు, ఆ దీవిదైతే మాల్టీస్. మనిషైనా, వాళ్ళ భాషైనా, కుక్కయినా అంతే.”

“ఆ ఊరికి ఆ పేరెట్లొచ్చింది?”

అక్కడ పీనుగుల్ని కుక్కలకు వేసేవారనీ, పేరుకు అర్థం అదేననీ చెప్పాను. ఆమె ముఖం చిట్లించింది. “థూ, నీ నోట్లె మన్నువడ.”

అంతలో అక్క ఫోన్‌లో వెతికి చదివింది. “గ్రీకు భాషల తేనె అని కొందరంటరట. ఇంకో పాత భాషల, గాలివానకు ఓడలు తలదాచుకునే జాగ అని ఇంకొందరు. ఏది నిజమో తేలలేదట.”

ముసలావిడ అక్క కొంగు జరిపి కుక్కను చూసింది. “అసొంటి ఊరి నుంచి వచ్చినదాన్ని మనం ఎల్లగొడితె, మన ఊరికి ఏం పేరు పెడ్తరు? ఉండనియ్. వంటింట్లకు మాత్రం రానియ్యకు.”

ఇప్పుడు ఒప్పుకుంటాను. అక్క ఫోన్ తీయలేదు, రెండు చేతులా కుక్కను హత్తుకునే ఉంది. అది చూసి, “పీనుగుల ముచ్చట ఉత్తదే అత్తమ్మా” అని, తేనె సంగతి, ఓడల సంగతి నేనే చెప్పాను. నిజం చెప్పి ఆ కంపు కుక్కను కాపాడానని తెలిస్తే నా పరువేం కావాలని, మీకు చెప్పేటప్పుడు ఆ మాటలు అక్క నోట పెట్టాను. ఆ కుక్క నిన్న నా అరచెయ్యి నాకింది. మూడుసార్లు కడుక్కున్నా ఇంకా అన్నం కలపబుద్ధి కావడం లేదు.