అక్క మోకాలు, కోరుట్ల పసుపు

మా అక్క మోకాలు కోరుట్ల పసుపుతో నయమైందని సిరిసిల్లలో వాళ్ల వాడంతా నమ్ముతుంది. ఆ మాటకు మూలం నేను. అది నిజం కాదు.

నేను జగిత్యాలలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. పసుపులోని కర్కుమిన్‌ను నానో కణాలుగా మార్చి పరీక్షించడం నా పరిశోధన. ఆపరేషన్‌లో వేసిన కృత్రిమ కీలు మీద క్రిములు జిగురు పొరలా పేరుకుంటే మందులు లోపలికి చేరడం కష్టం. కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, అందుకే ఈ నానో రూపం. అది ఆ క్రిములను చంపడం మేము చూసిందంతా గాజు పాత్రల్లో, చిన్న లోహపు ముక్కల మీద. మనిషి మోకాలిలో కాదు.

అక్కకు మోకాలి కీలు మార్చిన కొన్ని నెలలకు చీము పట్టింది. చూడటానికి పోయినప్పుడు కోరుట్లలోని మా చేను పసుపు ఇచ్చి, "నేను పనిచేసేది దీని మీదనే అక్కా, క్రిములను చంపుతది" అన్నాను. మిగతాది చెప్పలేదు. అక్క దాన్ని పాలలో కలుపుకుని తాగింది, గాయానికి అద్దింది, డాక్టరిచ్చిన మాత్రలు మానేసింది. జ్వరం ముదిరాక బావ ఆసుపత్రికి తీసుకుపోయాడు. మళ్లీ కోసి, కడిగి, కొత్త కీలు వేసి, నెలల తరబడి మందులిచ్చారు. తగ్గింది వాటితోనే. అక్క మాత్రం తమ్ముడి పసుపు అనే చెప్పుకుంది. వినడానికి బాగుండి ఊరుకున్నాను.

మొన్న ఫోన్ చేసింది. "పక్కింటి పెద్దమ్మకు కీలు మార్చినంక గట్లనే చీము కారుతాంది. మల్ల ఆపరేషనంటే భయపడుతాంది. నీ పసుపు జర పంపురా."

సిరిసిల్ల బస్సెక్కాను, కుదురుగా కూర్చోలేకపోయాను.

"సీట్ల నల్లులున్నయా సారూ?" అన్నాడు పక్కాయన.

పెద్దమ్మ ఇంట్లో సాంచాలు నడుస్తున్నాయి. ఆ మరమగ్గాల చప్పుడులో ఆమె మోకాలికి పసుపు గుడ్డ కట్టుకుని కూర్చుంది. పక్కన అక్క.

"ఒట్టి చేతులతోటి అచ్చినవేంది కొడుకా?" అంది పెద్దమ్మ.

"పసుపుతోటి అక్కకు తక్కువ కాలేదు పెద్దమ్మా."

ఆమెకు వినబడలేదు. గట్టిగా అన్నాను. అప్పటికీ వినబడలేదు. ఆమె భర్త సాంచా ఆపాడు. మూడోసారి అందరికీ వినబడింది.

"రెండో ఆపరేషన్‌తోటి, మందులతోటి తగ్గింది. పసుపు నమ్ముకోబట్టే ఆలస్యమైంది. తప్పు నాది."

"మరి గిన్నొద్దులు ఎందుకు చెప్పలే?" అంది అక్క.

"నువ్వు పొగుడుతుంటే మంచిగుండె."

"మీరు తర్వాత కొట్లాడుకోండ్రి" అంది పెద్దమ్మ. "నువ్వు చేసే మందు నాకు పనికిరాదా?"

"అదింకా మనుషులకిచ్చే మందు కాలేదు. పొద్దున డాక్టరు దగ్గరికి పోదాం, నేనుంట."

ఆమె అక్క వైపు చూసింది. అక్క చీర కొంచెం పైకి జరిపింది. మోకాలి మీద పొడుగాటి కోత మచ్చ కనబడింది. "రెండుసార్లు కోసిండ్రు పెద్దమ్మా. గది నేను చెప్పలే."

"అయితే ఆటో మాట్లాడుండ్రి" అంది పెద్దమ్మ.

అక్క నా వైపు చూడకుండా ఆ పసుపు గుడ్డ విప్పడానికి కింద కూర్చోబోయింది. మోకాలు వంగలేదు. నేను కూర్చుని విప్పాను.