చీమకుర్తి పడవకు పొన్నూరు కాలువలో అనుమతి

మా చీమకుర్తిలో రాయికి కొదవ లేదు, నీళ్ళకే కొదవ. అలాంటి ఊళ్ళో డ్రిల్లు మాస్టారునైన నేను పడవల సంఘం పెట్టినప్పుడే మా ఆవిడ నాకో నమస్కారం పెట్టింది. మూడేళ్ళుగా నాలుగు పడవలున్నాయి, పందెం ఒక్కటీ జరగలేదు. ఈసారీ జరగకపోతే పడవలు అమ్మేసి సంఘం మూసేద్దామని సభ్యులు తేల్చేశారు. నిండుగా పారే కాలువ కావాలంటే డెల్టాకే పోవాలి. అందుకే ఒక తెల్లవారుజామున, అధికారులకు చూపించడానికి ఒక పడవను కూడా ట్రాలీ ఆటోకెక్కించి పొన్నూరు బయల్దేరాను.

ఐదింటికి బయల్దేరి ఒంగోలు, చీరాల, బాపట్ల మీదుగా తొమ్మిదిన్నరకు పొన్నూరు చేరాం. రానూపోనూ ట్రాలీ కిరాయి ఐదు వేలు. చీరాలలో నెయ్యి కారప్పొడి ఇడ్లీ తినకుండా ముందుకు పోకండి. దారి పొడవునా లారీలవాళ్ళు పక్కకొచ్చి పడవ ఎక్కడికని అడుగుతూనే ఉన్నారు. డ్రైవరు కోటయ్య మొదట్లో నిజమే చెప్పాడు. ఎవరూ నమ్మకపోయేసరికి బాపట్ల దాటాక పెళ్ళి మండపం అలంకారానికని చెప్పడం మొదలెట్టాడు.

ఏ కాలువో పేరు రాయడం లేదు, కారణం మీకే తెలుస్తుంది. కాలువల ఆఫీసులో ఏఈ గారు నా అర్జీ చూసి, ఎన్ని ఎకరాలు, ఏ పంట అని అడిగారు. పంట కాదండీ, పడవలన్నాను.

"నీళ్ళెంత తోడుకుంటారు?"

"తోడుకోమండీ. నీళ్ళ మీద వెళ్ళి దిగిపోతాం."

"ఏమీ తోడుకోకుండా కాలువతో మీకేం పనండీ?"

పడవ పందేనికన్నాను. తర్వాత ఆయనే విడమర్చి చెప్పారు. పై రైతులు దొంగచాటుగా ఇంజన్లు పెట్టి తోడేస్తుంటే చివరి పొలాలకు నీళ్ళందడం లేదట. వరి పొట్టకొచ్చే సమయం, రోజూ తగాదాలే. చివరి ఊరి నీటి సంఘం అధ్యక్షుడు సాంబశివరావు గారు సరేనంటే తాను సంతకం పెడతానన్నారు.

కబురందుకుని లాకుల దగ్గరికొచ్చిన సాంబశివరావు గారు మా పడవకు ప్రదక్షిణం చేసి, వంగి అడుగు తట్టి చూశారు. ఇంజను ఎక్కడ దాచామోనని ఆయన అనుమానం. తెడ్లు చూపించినా నమ్మలేదు.

"నేనూ ఎక్కుతా. లాకుల కాడ్నుంచి మా ఊరి దాకా పోనీండి. ఒక్క చెంబుడు తోడినా అక్కడే దిగిపోతా" అన్నారు.

కాలువ మధ్యలో ఎలా దిగుతారని నేనడగలేదు, నాకు సంతకం కావాలి. లైఫ్ జాకెట్టు ఆయన పొట్టకు చాలక తాడుతో కట్టాం. కోటయ్య కట్ట మీద ట్రాలీలో, మేమిద్దరం నీళ్ళలో. కాస్త దూరం పోగానే ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. కట్ట మీంచి కనబడని గొట్టం ఒకటి జమ్ముగడ్డి చాటున నీళ్ళు పీలుస్తోంది, దాని పక్కనే ఒక రైతు కాపలా కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన మోటారు సైకిలు మీద కట్ట వెంట తిరిగి వెతికారు గానీ, నీళ్ళ వైపు నుంచి చూడటం ఇదే మొదలు.

"ఒరేయ్ నాగేశ్వర్రావూ, ఆ గొట్టం పీకరా."

"ఒక్క గంటే బాబాయ్."

"మీ ఒక్కో గంటతోనే మా పొలాలు ఎండిపోతున్నాయిరా. పీకు."

అక్కణ్ణుంచి అది షికారు కాదు, తనిఖీ. గొట్టం కనబడితే ఆపమంటారు, ఆపితే కోపంతో లేచి నిలబడతారు, పడవ ఊగుతుంది, నేను కోటప్పకొండ సామికి మొక్కుతాను. ఊరు చేరేసరికి రెండయింది. ఆయన పొలం నెర్రెలు విచ్చి ఉంది. అది చూశాక నా భుజాల నొప్పి గురించి మాట్లాడబుద్ధి కాలేదు. ఆయన భార్య గోంగూర పచ్చడితో అన్నం పెట్టారు. సాయంత్రం ఆఫీసు మూసేలోపు అనుమతి చేతికొచ్చింది.

ఆ తర్వాతి ఆదివారమే పందెం జరిగింది, మా సంఘం నిలిచింది. పడవలొస్తున్నాయని తెలిసి పై ఊళ్ళవాళ్ళు ముందు రోజే గొట్టాలన్నీ తీసేశారు. పందెం ముగిసే చోట జనం బాగానే ఉన్నారు గానీ, అందరూ మాకు వీపు తిప్పి పొలాల్లోకి పారుతున్న నీళ్ళను చూస్తున్నారు. మొదట నాకు చిన్నతనమనిపించింది. తర్వాత తెడ్డు పక్కన పెట్టి నేనూ అటే చూశాను. చాలా సంతోషమేసింది.

మీరూ పందెం పెట్టాలనుకుంటే ఒక్కటే సలహా: తేదీ మీరు నిర్ణయించకండి, కాలువ చివరి రైతును అడగండి. నిన్న సాంబశివరావు గారు ఫోన్ చేశారు.

"మాస్టారూ, వరి పాలుపోసుకుంటోంది, ఇంకో తడి కావాలి. ఈ ఆదివారం మళ్ళీ పందెం పెట్టకూడదూ? అనుమతి సంగతి నేను చూసుకుంటా."